ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు, ఊళ్ళో ఉండేవాళ్ళు

మీ పుట్టింటి వీధిలోనో, అత్తగారింటి వీధిలోనో ఎన్ని ఇళ్ళకు తాళాలు పడ్డాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నేను లెక్కపెట్టాను. మా అత్తగారి పల్లెలో నడివీధిలో 22 ఇళ్ళుంటే తొమ్మిదింటికి తాళాలే. మిగిలినవాటిలో కూడా సగం ఇళ్ళల్లో ఉండేది ఒక్క మనిషి. ఆ ఒక్కరూ ఎక్కువగా ముసలి ఆడవాళ్ళే. కొడుకు చెన్నైలో, కూతురు బెంగుళూరులో. ఆమె మాత్రం చీకటితో లేచి కసువు ఊడ్చి, వాకిట్లో నీళ్ళు చల్లి, ముగ్గేసి, తాళం వేసిన పక్కింటి ముందర కూడా నాలుగు గీతలు గీసి వస్తుంది. "వాళ్ళింటి ముందర కూడా ఎందుకవ్వా?" అంటే, "వాకిలి బోసిగా ఉంటే చూడలేమమ్మా" అంటుంది.

ఈమధ్య పేపర్లో, టీవీలో 'గ్రామీణ పర్యాటకం' అనే మాట తరచుగా వినబడుతోంది. పల్లెలను బాగుచేసి, పాత ఇళ్ళను నిలబెట్టి, మన ఆటపాటల్ని కాపాడుకుంటే పట్నం వాళ్ళు చూడ్డానికి వస్తారట. ఊళ్ళో నాలుగు డబ్బులు ఆడతాయట. వలస పోయిన పిల్లలు తిరిగొస్తారట. మన రాష్ట్రంలో 2024 చివర్లో వచ్చిన కొత్త పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా కూడా ఇచ్చింది. వినడానికి అంతా బాగానే ఉంది. మా ఇంట్లో అయితే ఈ మాట మీద మూడు నెలలు వాదన నడిచింది. అన్నం పళ్ళెం దగ్గర మొదలై, ఫోన్లలో సాగి, ఒకసారి కన్నీళ్ళదాకా వచ్చింది. ఆ సంగతులన్నీ మీతో చెప్పాలనిపించింది. ఎందుకంటే ఇలాంటి ఇల్లు, ఇలాంటి వాదన మీ ఇంట్లో కూడా ఉండే ఉంటాయి.

ముందు మా ఊరి గురించి రెండు మాటలు. మాది కార్వేటినగరం. పుత్తూరులో బస్సెక్కితే అరగంట ప్రయాణం. 2022లో జిల్లాలు విడిపోయాక పుత్తూరు తిరుపతి జిల్లాకు పోయింది, మేము చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయాం. ఇప్పుడు చూస్తే చిన్న ఊరే గానీ, ఒకప్పుడు ఇది రాజుల ఊరు. పుత్తూరు, నారాయణవనం, తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు ఊళ్ళన్నీ కార్వేటినగరం సంస్థానం కింద ఉండేవి. 1960లో తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రానికి వెళ్ళిపోయాయి గానీ, మా పెళ్ళి సంబంధాలకు ఆ గీత ఎప్పుడూ అడ్డం కాలేదు. మా చిన్నత్తది పళ్ళిపట్టే. ఆమె మాట్లాడే ప్రతి నాలుగు మాటల్లో ఒకటి అరవం, అయినా పండక్కి పాడే పాట మాత్రం తెలుగే.

నేను బీఏలో తెలుగు చదివేటప్పుడు పదకవితల పాఠంలో క్షేత్రయ్య తరవాత సారంగపాణి పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. ఆ సారంగపాణి ఈ సంస్థానంలో ఉన్నవాడే. ఆయన పదాల చివర పలికే వేణుగోపాలుడు మా గుడిలో ఉన్న స్వామే. ఆయన పదాలు చదివితే మా వీధి ఆడవాళ్ళ మాటలు విన్నట్టే ఉంటుంది. సామెతలు, ఎత్తిపొడుపులు, సవతుల పోట్లాటలు, అమ్మలక్కల ఊసులు, అన్నీ వాడుక మాటల్లోనే. వర్ణాలు కట్టిన గోవిందసామయ్య, కూవనసామయ్య అనే అన్నదమ్ములదీ ఈ ఊరే. చెన్నైలో పెద్ద సభల్లో వాళ్ళ వర్ణాలకు నాట్యం చేస్తుంటారు. ఆ నాట్యం నేర్చుకునే పిల్లల్లో ఎంతమందికి ఈ ఊరు ఎక్కడుందో తెలుసో మరి!

ఇప్పుడు మా ఊరికి బయటివాళ్ళు రారా అంటే, వస్తారు. తిరుమలకు రోజుకు 60-70 వేలమంది వస్తుంటే, అందులో కొంతమంది చుట్టుపక్కల గుళ్ళు కూడా చూడాలని వ్యాన్లు మాట్లాడుకుంటారు. అప్పలాయగుంట, నారాయణవనం, నాగలాపురం, సురుటుపల్లి, వీలుంటే కార్వేటినగరం. వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుంటారు. స్కంద పుష్కరిణి రాతిమెట్ల మీద నిలబడి ఒక ఫోటో దిగుతారు. ఆడవాళ్ళు మెల్లగా మా దగ్గరికొచ్చి "ఇక్కడ బాత్రూం ఎక్కడుందండీ?" అని అడుగుతారు. అరగంటలో వ్యాను వెళ్ళిపోతుంది. గుడి ముందర పూలమ్మే ఆమెకు ఒక నాలుగు మూరలు అమ్ముడుపోతాయి. ఊరికి మిగిలేది అంతే. గుడి చూశారు, కోనేరు చూశారు. ఊరు మాత్రం చూడలేదు.

ఊరు చూడాలంటే ఎండాకాలం భారతానికి రావాలి. మా చిత్తూరు జిల్లా వాళ్ళకు ఈ మాట చెప్పక్కర్లేదు. తక్కిన జిల్లాల వాళ్ళ కోసం చెబుతున్నాను. మా వైపు చాలా పల్లెల్లో ధర్మరాజుల గుడో, ద్రౌపదమ్మ గుడో ఉంటుంది. పంటలన్నీ ఇంటికి చేరాక, పొలం పనులు లేని రోజుల్లో 18 రోజులు మహాభారతం జరుపుతారు. పొద్దున జెండా ఎత్తిన దగ్గర్నుంచి ఊరి కట్టుబాట్లు మొదలు. మధ్యాహ్నం చింతచెట్టు నీడలో హరికథ. హరిదాసు ఆ రోజు ఏ ఘట్టం చెప్పాడో, రాత్రికి అదే వీధి నాటకం. చెక్కతో చేసి అద్దాలు అతికించిన కిరీటాలు, భుజకీర్తులు పెట్టుకుని, మొహానికి రంగులు పూసుకుని తెల్లారేదాకా ఆడతారు. పగలు ట్రాక్టర్ తోలే మనిషి రాత్రి కర్ణుడైతే, అతని పెళ్ళాం కూడా అతన్ని గుర్తుపట్టనంతగా ఉంటాడు.

ఇందులో పగటిపూట జరిగేవి కొన్ని ఉంటాయి. బకాసురవధ రోజు బండి నిండా అన్నం, కూరలు పెట్టుకుని భీముడు వీధి వీధి తిరుగుతాడు. అర్జున తపస్సు రోజు ఎత్తయిన తాటిమానును నిలబెట్టి, దానికి మెట్లు కొట్టి, అర్జున వేషగాడు పద్యాలు పాడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు, పూలు, విభూది చల్లుతాడు. చివరి రోజు ఊరి బయట మట్టితో పడుకోబెట్టిన పేద్ద దుర్యోధనుడి బొమ్మ. దాని తొడ పగలగొట్టడం, ద్రౌపది జుట్టు ముడేసుకోవడం. సాయంత్రం అగ్నిగుండం. కంకణం కట్టుకుని ఉపవాసం ఉన్నవాళ్ళంతా నిప్పుల మీద నడుస్తారు. దుర్యోధనుడి మట్టి పిడికెడు తెచ్చి వడ్లగాదెలో వెయ్యడం మా అత్తకు అలవాటు. ఇప్పుడు గాదె లేదు గాబట్టి బియ్యం డబ్బా కింద పెడుతుంది.

సరిహద్దుకు అటువైపు తమిళ పల్లెల్లో కూడా ఇదే కథ, ఇదే ద్రౌపదమ్మ. వాళ్ళు తెరుక్కూత్తు అంటారు, మేము వీధి నాటకం అంటాం. పాత ఆర్కాటు నేల అంతా కలిపి ఒక పెద్ద భారతం అనుకోవచ్చు.

ఆ 18 రోజులూ తాళాలు వేసిన ఇళ్ళు కూడా తెరుచుకుంటాయి. చెన్నై వాళ్ళు, బెంగుళూరు వాళ్ళు, తిరుపూరు బనియన్ల కంపెనీల్లో పనిచేసేవాళ్ళు, పెళ్ళయి పోయిన ఆడబిడ్డలు, వాళ్ళ పిల్లలు, వాళ్ళతో వచ్చిన ఆఫీసు స్నేహితులు అందరూ వస్తారు. ఒక్కో ఇంట్లో పాతికమంది. మిద్దెల మీద, తిన్నెల మీద వరసగా చాపలు. ఐసు బండ్లు, గాజుల అంగళ్ళు, రంగులరాట్నం. ఊరికి డబ్బు వస్తుంది, మనుషులు వస్తారు, పాత కళ బతుకుతుంది. ఇప్పుడు పర్యాటకం అంటున్నారు చూడండి, అందులో చెప్పేవన్నీ ఇందులో ఉన్నాయి. మన పెద్దవాళ్ళు దీనికి తిరునాళ్ళు అని పేరు పెట్టారు, అంతే.

ఆ పాతికమందికీ సంగటి కెలికేది ఎవరు? గిన్నెలు తోమేది ఎవరు? నాటకం చూడాలని ఏడాదంతా ఎదురుచూసి, వంటింట్లోంచి రాత్రి పదకొండింటికి బయటపడి, అర్ధగంటలో చాపమీద నిద్రపోయేది ఎవరు? ఇది మీకు నేను చెప్పాలా!

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. మా అత్తగారి పల్లెలో మాది తొట్టికట్టు ఇల్లు. నడిమధ్యలో వాన పడే తొట్టి, దాని చుట్టూ పంచ, పంచకు చెక్క స్తంభాలు, పైన నాటు పెంకులు, వీధివైపు రెండు పెద్ద తిన్నెలు. తలవాకిలి గడప మీద పద్మాలు చెక్కి ఉంటాయి. మామ పోయాక అత్త ఒక్కతే ఆ ఇంట్లో ఉంటోంది. మేము కార్వేటినగరంలో ఉంటాం, వారానికి రెండుసార్లు పోయి వస్తుంటాం. మా బావగారు చెన్నైలో, మరిది బెంగుళూరులో. పోయినేడు వానలకు వెనక పంచ ఒక మూల కూలింది. అప్పుడు మొదలైంది వాదన.

బావగారు అమ్మేద్దామన్నారు. పెంకులు మార్చాలంటే ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్ళే దొరకరు, దొరికినా కూలి చాలా ఎక్కువ, అంత డబ్బు ఎవరు పెడతారు అని ఆయన ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. ఆ వారమే పాత తలుపులు, స్తంభాలు కొనే మనిషి ఒకడు వ్యాను వేసుకుని వచ్చి, "ఒక్క తలవాకిలి ఇచ్చినా చాలు" అని బేరం పెట్టి పోయాడు. మా మరిది మాత్రం కూల్చి మిద్దె కట్టి బాడుగకు ఇద్దామన్నాడు. పల్లెలో బాడుగకు వచ్చేదెవరో అతను చెప్పలేదు.

మా బావగారి కొడుకు, ఇంజనీరింగ్ చదివిన పిల్లవాడు, మూడో దారి చెప్పాడు. "పిన్నమ్మా, దీన్ని హోంస్టే చేద్దాం. తిరుపతికి వచ్చేవాళ్ళల్లో వందలో ఒక్కరు వచ్చినా మనకు చాలు. రెండు గదులు, రోజుకు రెండున్నర వేలు. నెలకు పది రోజులు నిండినా పాతిక వేలు" అని కంప్యూటర్లో లెక్క చూపించాడు. సంగటి, ఊరిబిండి, చింతాకు పప్పు, చలికాలంలో పితికిపప్పు. ఎద్దులబండి ఎక్కించడం, ముగ్గు వెయ్యడం నేర్పించడం, మామిడితోపు చూపించడం. అందరం ఉత్సాహంగా వింటున్నాం.

మా అత్త అంతా విని, వక్క నములుతూ అడిగింది. "ఏం నాయనా, వచ్చేవోళ్ళు వస్తారు, సరే. పితికిపప్పు యెవురు పితుకుతారు?"

పితికిపప్పు గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. అనపకాయలు వలిచి, గింజల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజనూ వేళ్ళతో పితికి తొక్క తియ్యాలి. నలుగురికి పులుసు చెయ్యాలంటే ఇద్దరు గంటన్నర కూర్చోవాలి. తినడానికి పది నిమిషాలు.

అత్త ఆగలేదు. "నేను డెబ్బై దాటినదాన్ని. నీ చిన్నమ్మ ఊళ్ళోంచి వచ్చి చెయ్యాల. వాళ్ళ దొడ్డి యెవురు కడుగుతారు? ఆ పాతికవేలు యెవురి చేతికి వస్తాయి? నీ పోనుకా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. పిల్లవాడు చెడ్డవాడు కాదు. కానీ ఆ లెక్కలో కరెంటు బిల్లు ఉంది, పెయింట్ ఖర్చు ఉంది, ఫోటోలు తీసేవాడికి ఇచ్చే డబ్బు ఉంది. వంట చేసే మనిషికి కూలి అనే గడే లేదు. అది ఇంటి ఆడవాళ్ళ పని గదా, దానికి ఖర్చేముంది అనుకున్నాడు. ఎక్కడ 'మన సంస్కృతి కాపాడుకోవాలి' అన్నా నేను ఈ గడి కోసమే వెతుకుతాను. సంస్కృతిలో సగం వంటింట్లో, వాకిట్లో ఉంటుంది. దాన్ని ఎవరు చేస్తున్నారో వాళ్ళకు కూలి లేకుండా అది ఎన్నాళ్ళు నిలబడుతుంది?

తరవాత నేను ఇలాంటి ఊళ్ళ గురించి చదవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు ఖాళీ ఉన్నప్పుడు చదివి, రాత్రి మా ఆయనకు చెప్పేదాన్ని.

మనకు తెలిసినది పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చిన ఊరు, భూదానోద్యమం పుట్టిన ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో అదొకటి. వినోబా మందిరం, మ్యూజియం ఉన్నాయి గానీ, జనం పోయేది ముఖ్యంగా మగ్గం చూడ్డానికి, చీర కొనడానికి. నూలుకు ముందే రంగులద్ది, ఆ రంగుల లెక్క తప్పకుండా నేసే ఇకత్ పని అక్కడ ఇంకా ఇంటింటా నడుస్తోంది. మగ్గం ఆగిపోతే ఆ ఊరు కూడా ఒక ఫోటో దిగి వచ్చే ఊరే అవుతుంది. మన శ్రీకాళహస్తి కలంకారీ కూడా అంతే. అడుగంటిపోతున్న పనిని 1950ల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం పెట్టి కొత్తవాళ్ళకు నేర్పించారు. ముందు చేతులకు పని వచ్చింది, చూసేవాళ్ళు తరవాత వచ్చారు.

రెండోది కారైకుడి వైపు చెట్టినాడు. మన తొట్టికట్టు ఇళ్ళకు పెద్దక్కల్లాంటి ఇళ్ళు. పంచుకోవాల్సిన వారసులు పదులమంది, ఉండేవాళ్ళు ఎవరూ లేరు. చాలా ఇళ్ళు కూలగొట్టి స్తంభాలు, తలుపులు, చివరికి ఇత్తడి గంగాళాలు కూడా అమ్మేశారు. కారైకుడిలో అలాంటి పాత వస్తువుల అంగళ్ళు ఒక వీధి నిండా ఉంటాయి. కొన్ని ఇళ్ళు మాత్రం హోటళ్ళై నిలబడ్డాయి. మా తలవాకిలి అడిగిన వ్యాను మనిషి గుర్తొచ్చాడు నాకు. ఎవరో చెన్నై హోటల్లో మా గడప గోడకు ఆనించి ఉంటుంది, పక్కన పూలకుండీ. గడపకు పసుపు రాసే శుక్రవారం మాత్రం ఉండదు.

మూడోది జపాన్‌లో షిరకవా-గో. నమస్కారం పెట్టిన చేతుల్లా ఏటవాలుగా ఉండే గడ్డి కప్పుల ఇళ్ళ ఊరు. ఊరి జనం తగ్గిపోతుంటే 1971లో ఊళ్ళోవాళ్ళే కూర్చుని మూడు మాటలు రాసుకున్నారు. అమ్మకూడదు, బాడుగకు ఇవ్వకూడదు, కూల్చకూడదు. కప్పు మార్చాల్సి వస్తే ఊరంతా వంతులవారీగా వచ్చి సాయం చేస్తారు. 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అక్కడివరకూ చదివితే మనసు నిండిపోతుంది. ఆ తరవాత సంగతి కూడా చదవాలి. ఆ ఊరి పంచాయతీలో ఉండేది 1500 మంది చొప్పున, ఏటా చూడ్డానికి వచ్చేది పది లక్షలకు పైగా. చలికాలంలో దీపాలు పెట్టే రోజులకు ముందుగా పేరు రాయించుకుంటేనే రానిస్తున్నారు. తలుపు తీసి ఇంట్లోకి తొంగిచూసే జనం మధ్య కాపురం చెయ్యడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఊహించుకోవడానికి జపాన్ దాకా పోనక్కర్లేదు. మా భారతంలోనే అది జరిగింది.

అర్జున తపస్సు రోజు పిల్లలు లేని ఆడవాళ్ళు ఉపవాసం ఉండి, తలస్నానం చేసి, తడిబట్టలతో ఆ మాను కింద సాష్టాంగపడతారు. పైనుంచి అర్జునుడు వేసే నిమ్మకాయో, పండో కొంగులో పడితే కడుపు పండుతుందని నమ్మకం. నమ్మడం, నమ్మకపోవడం ఎవరిష్టం వాళ్ళది. కానీ అక్కడ పడుకున్న ఆడమనిషి మనసు ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. ఆస్పత్రుల చుట్టూ తిరిగి, అత్తింటి మాటలు పడి, ఇంక దేవుడే దిక్కని వచ్చి ఉంటుంది. పాతకాలంలో చుట్టూ ఉండేది మన ఊరి ఆడవాళ్ళే. ఒకరు వీపు మీద తుండు కప్పేవాళ్ళు. ఒకరు లేపి పట్టుకునేవాళ్ళు.

రెండేళ్ళ కిందట మా తోడికోడలి చెల్లెలి కూతురు మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళల్లో ఎవరో ఫోనులో వీడియో తీసి, పాట జతచేసి నెట్లో పెట్టేశారు. రెండు రోజుల్లో ఆ పిల్ల పనిచేసే ఆఫీసులో అందరూ చూశారు. తడిచీరతో, మొహం స్పష్టంగా. కింద కొందరు వెటకారాలు రాశారు, కొందరు పిచ్చి సలహాలు ఇచ్చారు. ఆ పిల్ల నెలరోజులు సెలవు పెట్టింది. మళ్ళీ మా పల్లెకు రాలేదు. "ఆ మాను దగ్గరికి మాత్రం ఇంక జన్మలో రాను పిన్నీ" అని ఫోనులో ఏడ్చింది. నేను ఏం చెప్పగలను?

ఆ వీడియో చూసి భారతానికి కొత్తవాళ్ళు చాలామంది వచ్చారు, అది నిజం. ఊళ్ళో కొంతమంది సంబరపడ్డారు కూడా, మన ఊరికి పేరొచ్చిందని. మా అత్త మాత్రం పొదుపు సంఘం ఆడవాళ్ళందర్నీ వెంటబెట్టుకుని ధర్మరాజుల గుడి దగ్గర పెద్దమనుషుల ముందు కూర్చుంది. "మా ఆడబిడ్డలు రాని భారతం మాకెందుకు?" అంది. ఎక్కువ మాట్లాడలేదు, అంతే.

పోయినేడు మాను చుట్టూ చీరలతో తెర కట్టారు. లోపల ఆడవాళ్ళు మాత్రమే. ఫోన్లు బయట. మైకులో ముందు తెలుగులో, తరవాత అరవంలో చెప్పారు. కెమెరాలతో వచ్చిన కొందరు గొణుక్కున్నారు. ఇద్దరు వెళ్ళిపోయారు. మిగిలిన వందలమంది ఉన్నారు. మానెక్కే అర్జునుడు తెరపైన అందరికీ కనిపిస్తూనే ఉన్నాడు, పద్యం అందరికీ వినిపిస్తూనే ఉంది. ఎవరికీ ఏమీ తక్కువ కాలేదు.

ఊరిని నిలబెట్టడం అంటే ఏమిటో నాకు అక్కడ కళ్ళకు కట్టింది. వచ్చేవాళ్ళకు ఏది చూపించాలి, ఏది చూపించకూడదు అనేది ఊళ్ళో ఉండేవాళ్ళు చెప్పగలిగితే ఆ ఊరు బతికున్నట్టు. నాటకాన్ని గంటకు కుదించి స్టేజీ మీద ఆడితే వ్యాన్లు ఎక్కువ వస్తాయేమో. కానీ తెల్లారేదాకా కూర్చుని కర్ణుడి కోసం ఏడ్చే ఊరు లేకపోతే, కర్ణుడి వేషం కట్టే మనిషి ఎవరి కోసం నేర్చుకుంటాడు?

మా ఇంటి వాదన కూడా ఆ తరవాత ఒక దారికి వచ్చింది. ఉగాదికి అందరం పల్లెలో కలిసినప్పుడు అత్త మాటల్ని నేనే కాగితం మీద పెట్టాను. అత్త ఉన్నంతకాలం అమ్మకం మాట లేదు, తలవాకిలి బేరం అసలే లేదు. కూలిన పంచ పెంకుల ఖర్చు ముగ్గురు అన్నదమ్ములూ సమంగా వేసుకోవాలి. ముందు గదుల పక్కన రెండు మంచి మరుగుదొడ్లు కట్టాలి, రంగులు, బొమ్మలు తరవాత. గుడి వేణుగోపాలస్వామి బ్రహ్మోత్సవాలప్పుడు, భారతం రోజుల్లో, సంక్రాంతికి మాత్రం వీధివైపు రెండు గదులు బయటివాళ్ళకు ఇవ్వొచ్చు. తక్కిన రోజుల్లో అది అత్త ఇల్లు, సత్రం కాదు. వంటకూ, శుభ్రానికీ మా వీధిలోనే ఒంటరిగా ఉంటున్న ఇద్దరు ఆడవాళ్ళకు రోజుకూలి లెక్క. వచ్చిన డబ్బులో ముందు వాళ్ళ కూలి, తరవాత ఇంటి మరమ్మతు, మిగిలితే అత్త ఖాతాలో. ఇంట్లో ఏం వండితే అదే వచ్చినవాళ్ళకూ. పితికిపప్పు కావాలంటే వాళ్ళు కూడా కూర్చుని పితకాలి.

ఆ చివరి షరతు చదివి మా బావ కొడుకు పకపకా నవ్వాడు. "అవ్వా, దీన్నే ఇప్పుడు ఎక్స్‌పీరియన్స్ అని డబ్బులు తీసుకుంటున్నారు" అన్నాడు. "తీసుకోరా, నాకేం? గింజలు మాత్రం నలగకుండా పితకమను" అంది అత్త. కూలి గడి చేర్చి లెక్క మళ్ళీ వేశాడు. పాతికవేలు మిగలవు. మంచి నెలలో నాలుగైదు వేలు మిగలొచ్చు. బావగారు ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఊరుకున్నారు. పెంకుల డబ్బు మాత్రం పంపారు. మా ఇళ్ళల్లో ఒప్పుకోవడం అంటే అదే.

ఈ పద్ధతి ఎంతకాలం నడుస్తుందో కాలమే చెప్పాలి. అత్త తరవాత ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారన్న ప్రశ్న అలాగే ఉంది. నేనా? పిల్లల చదువులు అయ్యాక నేను అక్కడ ఉండగలనా? ఆ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను. పల్లె బాగుండాలని కోరుకునే మనందరం వేసుకోవాల్సిన ప్రశ్నే అది. పర్యాటకులు రాత్రికి ఉంటారు, ఇంటికి కావలసింది ఏడాదంతా ఉండేవాళ్ళు. పనులు, బస్సు, ఆస్పత్రి, బడి, నీళ్ళు లేకుండా ఉట్టి ముగ్గులు చూపించి ఏ పల్లెనూ నిలబెట్టలేం.

మీ ఊళ్ళో తిరునాళ్ళు ఉంటే ఈ ఏడు పిల్లల్ని తీసుకుని ఒక రాత్రయినా ఉండి రండి. అక్కడ వండే చేతుల్ని గమనించండి, వీలైతే మీరూ ఒక చెయ్యి వెయ్యండి. మా భారతానికి రావాలనిపిస్తే నిక్షేపంగా రండి. ఎండలు గట్టిగా ఉంటాయి, నూలు చీరలు తెచ్చుకోండి. నాటకం రాత్రి పదింటికి మొదలవుతుందని చెబుతారు గానీ పదకొండున్నర అవుతుంది, మధ్యాహ్నం ఒక కునుకు తియ్యండి. తపస్సు రోజు తెర లోపలికి రావాలంటే ఫోను మా అత్త చేతికిచ్చి రండి. ఆమె కొంగులో మూటగట్టి కూర్చుంటుంది. బయటికొచ్చాక భద్రంగా తిరిగిస్తుంది, దాంతోపాటు ఒక నిమ్మకాయ కూడా.